ఎడమచేతి నాడి ఎక్కడ ఆగింది

ఆ ఉదయం మా పదకొండేళ్ళ ప్రమీల బడికి జడ వేసుకుంటూ సగంలో చెయ్యి దించేసింది. "ఎడం చెయ్యి గుంజేస్తోంది నాన్నా, పైకి నిలవట్లేదు," అంది. అప్పటికే నెలరోజులుగా సాయంత్రాలు సన్నగా జ్వరం వస్తోంది. పన్నెండేళ్ళ కిందటి మాట. రేపల్లెలో ఉండేవాళ్ళం. నేను ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాను.

తెనాలి తీసుకెళ్ళాను. డాక్టరుగారు కుర్చీలోంచి లేవకుండానే కుడిచెయ్యి పట్టుకున్నారు. బీపీ కూడా ఆ చేతికే చూశారు. "నాడి బ్రహ్మాండంగా ఉందయ్యా. మీ అమ్మాయిది బడి ఎగ్గొట్టే జబ్బు," అన్నారు. వరండాలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

మా ఆవిడ పట్టుబడితే రేపల్లెలోనే ఒక ముసలి వైద్యుడికి చూపించాం. ఆడపిల్ల కాబట్టి ఆయన తన పద్ధతి ప్రకారం ఎడమచెయ్యి పట్టుకున్నారు. చాలాసేపు వేళ్ళు జరుపుతూ వెతికారు.

"నాడి అందట్లేదు బాబూ."

"ఎదురుగా కూర్చుని మాట్లాడే పిల్లకి నాడి లేదంటావేంటయ్యా? చేతకాకపోతే చెప్పు!" అని అరిచి లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి నేనే పట్టుకు చూశాను. కుడి మణికట్టు కొట్టుకుంటోంది. ఎడమది లేదు.

మళ్ళీ తెనాలి. "నాటువైద్యుడి మాట పట్టుకొచ్చావా?" అన్నారు డాక్టరు. "రెండు చేతులూ చూడండి సార్. చూసేదాకా కదలను," అని బల్ల ముందే నిలబడ్డాను. చూశారు. ఎడమచేతికి బీపీ అందలేదు. మద్రాసు పెద్దాసుపత్రికి చీటీ రాశారు. పొరపాటయిందన్న ముక్క మాత్రం ఆయన నోట రాలేదు.

మద్రాసులో రక్తం పరీక్ష చేసి, ఒంట్లో వాపుని చూపించే ఈఎస్ఆర్ బాగా ఎక్కువుందన్నారు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, మందు వదిలి, యాంజియోగ్రామ్ తీశారు. మర్నాడు మన వైపు డాక్టరమ్మ ఒకావిడ ఫిల్మును లైటుపెట్టె మీద పెట్టి మమ్మల్ని పిలిచారు.

నేను రోజూ కాలవల మ్యాపులు చూసేవాణ్ణి. ఇది నా బిడ్డ లోపలి మ్యాపు. గుండె మీద పెద్ద నాళం వంపు తిరిగింది. దాన్నుంచి ఎడమచేతికి వెళ్ళే పాయ కొంతదూరం వచ్చి, సన్నబడి, ఆగిపోయింది. పక్కనుంచి వెంట్రుకల్లాంటి దారులు చుట్టూ తిరిగి వెళ్ళి, ఆగిన చోటు దాటి ఆ చేతికే రక్తం అందిస్తున్నాయి. ఎవరు తవ్వారు వాటిని? తెనాలి డాక్టరు మీద కోపం కూడా గుర్తు రాలేదు.

"టకయాసు ఆర్టెరైటిస్ అండి. వాస్కులైటిస్‌లో ఒక రకం, రక్తనాళాల గోడలు వాస్తాయి," అన్నారామె. "ముదిరితే మెదడుకీ కిడ్నీలకీ వెళ్ళేవి కూడా మూసుకుపోవచ్చు. అవి ఇంకా బాగున్నాయి. టైముకి తెచ్చారు."

ఊరికి రాగానే ఆ ఫిల్ము పట్టుకుని ముసలి వైద్యుడి ఇంటికి వెళ్ళాను. ఆయన దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి, పాయ ఆగిన చోట వేలు పెట్టారు. "నా వేలికి లేదనే తెలిసింది బాబూ. ఎక్కడ ఆగిందో దీనికి తెలిసింది," అన్నారు. నేను అరిచిన సంగతి ఆయన ఎత్తలేదు. నేనే ఎత్తి, తప్పయిపోయిందండి అన్నాను.

వాపు తగ్గడానికిచ్చిన ప్రెడ్నిసలోన్ మాత్రలతో పిల్ల మొహం ఉబ్బింది. "బూరెబుగ్గలు" అని ఏడిపించిన వాళ్ళ పేర్లు నాకిప్పటికీ గుర్తే. మాత్ర తగ్గిస్తే ఈఎస్ఆర్ పెరిగేది, మళ్ళీ మాత్ర పెంచేవారు. మూడేళ్ళు అలా గడిచాయి.

ఇప్పుడు ప్రమీల బాపట్లలో టీచరు. ఏడాదికోసారి గుంటూరులో రక్తనాళాలకి డాప్లర్ స్కాన్ తీయిస్తాం. జడ మధ్యలో ఒకసారి చెయ్యి దించి, కాసేపాగి, తనే పూర్తి చేసుకుంటుంది.

మీ పిల్లలు చెయ్యి గుంజుతోందంటే రెండు చేతులకీ నాడి, బీపీ చూడమనండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. చూసేదాకా ఆ బల్ల ముందు నుంచి కదలకండి.