అరికాలికి తెలిసిన చప్పుడు

ముప్పై ఏళ్లు దాటింది. నా భార్యకు కూడా చెప్పని మాట ఒకటి ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీకు చెబుతున్నానంటే కారణం ఒకటే. నేను మీకు తెలియను, మీరు నాకు తెలియరు. జాలి పడతారని కాదు. జాలి నాకు అక్కర్లేదు. క్షమించమని అడగడానికి కూడా రాలేదు. అడగాల్సిన మనిషి వేరే ఉన్నాడు, అతని ముందు నోరు పెగలదు. ఉన్నదున్నట్టు చెబుతాను. విని ఏమైనా అనుకోండి.

నేను జీపుల మెకానిక్కుని. ఎనభైల చివర నాగర్‌కర్నూల్‌లో, తెలకపల్లి పోయే రోడ్డు మీద నాకొక రేకుల షెడ్డు ఉండేది. ఆ చుట్టుపక్కల ఏ జీపు మూలిగినా నా దగ్గరికే వచ్చేది. నాకు పేరు తెచ్చింది చేతులు కాదు, చెవి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాణ్ని. ఏ బేరింగు అరిగిందో, ఏ గేరు పన్ను విరిగిందో విప్పకుండానే చెప్పేవాణ్ని. చుట్టూ నలుగురు మూగి చూసేవారు. నిజానికి వినడానికి కళ్లు మూసుకోనక్కర్లేదు. ఆ నలుగురి కోసం మూసుకునేవాణ్ని.

బల్మూర్ అవతలి అడవుల్లో తునికాకు కోయించే కాంట్రాక్టరు ఒకాయన ఉండేవాడు. ఆయన జీపు పని ఎప్పుడూ నాదే. రాళ్లు, వాగులు, ఇసుక, అసలు దారే లేని చోట నడిచే బండి అది. దాని డ్రైవరు ఈరన్న. గద్వాల మనిషి, నేత ఇంట్లో పుట్టినవాడు. బుద్ధి తెలిసినప్పటి నుంచి గుంట మగ్గంలో కూర్చుని నేసి, విసిగి, ముప్పై ఏళ్ల వయసులో డ్రైవింగు నేర్చుకుని ఇటు వచ్చాడు. "నడుముదాంక గుంతలనే బతికిన అన్నా. జీపెక్కినంకనే నాలుగూర్లు జూసిన" అని నవ్వేవాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, వట్టి కాళ్లతో జీపు నడిపేవాడు. మగ్గం కింద తొక్కుడు చెక్కలు తొక్కిన అలవాటు.

ఆ ఎండాకాలం, ఆకు కోతలు మొదలయ్యే ముందు, ఆ జీపును మొత్తం విప్పి బాగుచేసి ఇచ్చాను. ముందు చక్రాలకు బలం పంపే చిన్న గేరుబాక్సు ఒకటి ఉంటుంది, డ్రైవరు ఎడమకాలి పక్కన, నేల కింద. దాన్ని కూడా నేనే విప్పాను, నేనే బిగించాను. నెల తిరగలేదు, ఈరన్న బండి తెచ్చి కింద ఏదో గరగరమంటోందన్నాడు. నడిపి చూశాను. ఇసుర్రాయిలో గులకరాయి పడ్డట్టుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఉండదు, దిగేటప్పుడు మొదలవుతుంది. ఒకసారి అరిచి ఇంకోసారి అలిగి కూర్చునే చప్పుడు.

ఈరన్నను మెల్లగా నడపమని, నేను వెనక కూర్చుని, నేల రేకుకు స్క్రూడ్రైవరు ఆనించి విన్నాను. వెనక ఇరుసు గేర్లు పోయాయని తీర్పు చెప్పాను. ఈరన్న తల అడ్డంగా ఊపాడు. వెనక కాదట. తన ఎడమకాలి దగ్గర, చిన్న గేరుబాక్సు ముందు వైపున ఉందట. ఎలా తెలుసని అడిగితే అరికాలికి తెలుస్తోందన్నాడు. మగ్గం మీద పోగు తెగినా కంటికన్నా ముందు కాలికే తెలుస్తుందని కూడా అన్నాడు. షెడ్డు ముందున్న వాళ్లంతా పగలబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. ఇక రేపటి నుంచి స్క్రూడ్రైవరు పారేసి కాలు ఆనించి చూస్తానని వెక్కిరించాను. అతనూ నవ్వాడు. చెడ్డవాడు కాదు.

వెనక ఇరుసు విప్పాను. గేర్లు మార్చాను. చప్పుడు పోలేదు. మళ్లీ విప్పాను, బేరింగులు మార్చాను. చప్పుడు అలాగే ఉంది. అవతల అడవిలో కోసిన ఆకు, వేళకు పోయి చూసే బండి లేక, కల్లాల్లో ఎండకు పెళుసెక్కిపోతోంది. కాంట్రాక్టరు రోజూ షెడ్డుకొచ్చి నిలబడేవాడు. మూడో రోజు, నా చెవిలో ఏం పెట్టుకున్నానో చూసుకొమ్మన్నాడు, పది మంది ముందు. ఆ పది మందిలో మొన్న నాతోపాటు నవ్వినవాళ్లే సగం మంది. ఇప్పుడు నన్ను చూసి నవ్వుతున్నారు.

మరునాడు మధ్యాహ్నం అందరూ తిండికి పోయారు. షెడ్డులో నేనొక్కణ్నే. జీపు కింద దూరి, చిన్న గేరుబాక్సు నుంచి ముందుకు పోయే ఇరుసును ఊడదీశాను. లోపల ఒక పెద్ద నట్టు ఉంటుంది. అది వదులు కాకుండా దానికి అడ్డంగా ఒక పిన్ను గుచ్చి, కొసలు వంచాలి. వేలంత పొడుగు కూడా ఉండదు. నట్టును ముట్టుకున్నాను. పానా అక్కర్లేకుండా వేలికే తిరిగింది. పిన్ను లేదు. విరిగిన ముక్క లేదు, గీత లేదు, రంధ్రంలో నేను పూసిన గ్రీజు అలాగే నిండుగా ఉంది. అంటే అక్కడ పిన్ను ఎప్పుడూ లేదు. నెల కిందట బిగించినవాణ్ని నేను. మర్చిపోయినవాణ్ని నేను. నట్టు కొంచెం కొంచెం వదులై, లోపల గేర్లు ఒకదాన్నొకటి నమలడం మొదలుపెట్టాయి.

మర్చిపోవడం తప్పని మీరంటారేమో. నేననను. ఇరవై ఏళ్లు ఇనుముతో పని చేసి ఒక్క పిన్నూ మర్చిపోని మనిషి ఉంటే తీసుకురండి, కాళ్లకు మొక్కుతాను. నేను చెప్పొచ్చిన తప్పు అది కాదు.

సాయంత్రానికి అంతా సరిచేశాను. చప్పుడు పోయింది. కాంట్రాక్టరు వచ్చి ఏమైందని అడిగాడు. డ్రైవరు చేయి మంచిది కాదన్నాను. బండి పరుగులో ఉండగానే ముందు గేరు లాగుతున్నాడు, పళ్లు అరిగిపోయాయి, ఇలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు లోయలో పడేస్తాడు అన్నాను. ఎంత వరసగా వచ్చాయో మాటలు! కాంట్రాక్టరు అక్కడికక్కడే ఈరన్న చేతిలోంచి తాళం చెవి లాక్కుని, రేపటి నుంచి రావద్దని చెప్పి వెళ్లిపోయాడు.

ఈరన్న వెళ్లలేదు. నేను చేతులు కడుక్కుంటుంటే వచ్చి వెనక నిలబడ్డాడు.

"అన్నా, ఆయినె పోయిండు. ఇప్పుడు నిజం జెప్పు. నేనే ఖరాబ్ జేసిన్నా?"

"మరి ఎవరు జేసిన్రు?"

"పరుగుల గేరు గుంజిన యాది లేదన్నా నాకు."

"నీకు తెల్వకుంట అయితది. నీది మగ్గం చెయ్యి ఈరన్నా. గేర్లకు పనికిరాదు."

"మల్ల అరికాలికి తెలిసె గదన్నా, ఆడ్నే ఉందని?"

"చేసినోనికి తెల్వదా, యాడ చేసిండో?"

 అతను జీపులోంచి చెప్పులు తెచ్చుకుని వేసుకున్నాడు. "జర ముందుగాల జెప్తే బాగుండె అన్నా" అన్నాడు. బస్టాండు వైపు నడుచుకుంటూ పోయాడు.

నన్ను నేను చాలాసార్లు అడిగాను. భయపడి అన్నానా? భయం ఉంది, లేదనను. కాంట్రాక్టరు పలుకుబడి ఉన్నవాడు, నా షెడ్డు మూయించగలడు. కానీ భయమే అయితే ఇంకో దారి లేదా? అడవిలో రాయి తగిలి పిన్ను ఊడిందని చెప్పి ఉంటే సరిపోయేది. కాంట్రాక్టరు నమ్మేవాడు, ఈరన్న బండి తీసుకుని అడవికి పోయేవాడు, నా పేరు నాకుండేది. ఆ మాట నాకు తట్టలేదా? తట్టింది. మొదట తట్టింది అదే. అయినా నాలుక ఈరన్న మీదికే పోయింది. ఎందుకని? ఏళ్ల తరబడి తిప్పి తిప్పి చూసుకున్నాను, వేరే జవాబు దొరకలేదు. నిన్నగాక మొన్న మగ్గం దిగినవాడి అరికాలు నా చెవిని ఓడించింది. ఆ సంగతి తెలిసిన మనిషి రోజూ నా షెడ్డుకు వచ్చి నా ముందు నిలబడటం నాకు ఇష్టం లేదు. అంతే. అసూయ. దానికి ఇంకో మంచి పేరేదీ లేదు.

మీరు మొహం చిట్లిస్తున్నారని తెలుసు. చిట్లించండి. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. మా పనిలో ఉస్తాదు తప్పు ఎప్పుడూ డ్రైవరు మీదకే పోయేది. నాకు ముందు ఉస్తాదులు చేశారు, నా తర్వాతివాళ్లూ చేశారు. డ్రైవర్లు దులుపుకుని ఇంకో బండి ఎక్కేవారు. ఈరన్న కూడా ఎక్కుతాడనుకున్నాను. పదేళ్లలో వందల జీపులు బాగుచేశాను, నా చేతి బండ్లలో ఎంతోమంది దవాఖానకు వేళకు చేరారు. వాటన్నిటినీ పక్కన పెట్టి ఈ ఒక్కదానికే నన్ను తూచడానికి మీరెవరు? ఇలా మీతో కాదు గానీ, గోడలతో చాలాసార్లు వాదించాను. గెలిచాను కూడా. గద్వాలకు వెళ్లేదాకా.

ఆరేడేళ్ల తర్వాత, కొత్తింట్లో చేరేటప్పుడు మంచి గద్వాల చీర కావాలంది నా భార్య. వనపర్తి మీదుగా బస్సులో పోయాం. నేతగాళ్ల వీధిలో ఇల్లిల్లూ తిరుగుతుంటే ఒక ఇంటి లోపలి నుంచి "ఉస్తాద్ అన్నా!" అని కేక. ఈరన్న. మగ్గం గుంటలోంచే లేచి చేతులు చాపాడు. పట్టుబట్టి కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు. నా భార్యకు, తన వాళ్లకు నన్ను చూపించి గొప్పగా చెప్పడం మొదలుపెట్టాడు.

"గీ అన్న కండ్లు తెరిపియ్యకుంటే నేను యాడనో బండి బోర్ల గొట్టి, పది మందిని సంపేటోణ్ణి. పైలంగ ఇంటికి తోలిండు."

ఆ రోజు తర్వాత స్టీరింగు ముట్టలేదట. తమ్ముడికి లారీ మీద పని దొరికితే పోనివ్వలేదట, మన ఇంటివాళ్ల చేతికి గేరు అచ్చిరాదని చెప్పి. ఆ తమ్ముడు పక్క మగ్గం మీదే ఉన్నాడు. తల వంచుకుని నేస్తున్నాడు, ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

నేను చాయ్ తాగాను. గ్లాసు ఖాళీ చేశాను. ఆ మంచి మనిషి చెప్పిన కృతజ్ఞతను కూడా ఒక్క ముక్క వదలకుండా మింగాను. చీర కొనుక్కుని వచ్చేశాం. దారిలో నా భార్య, ఎంత మంచి పని చేశావు అంది. కిటికీలోంచి బయటికి చూశాను.

ఇప్పటికైనా వెళ్లి చెప్పమంటారు. చెప్పను. నా మాట నమ్మి ఒక బతుకు కట్టుకున్నాడు, ముసలితనంలో దాన్ని ఎందుకు కూల్చడం అని ఒక సాకు తయారుగా ఉంది. అది సాకేనని నాకూ తెలుసు. అసలు సంగతి ఏమంటే, అతను తిడితే భరిస్తాను, కొడితే పడతాను. కానీ నిజం విన్నాక కూడా "పోనీలే అన్నా" అంటాడు. ఈరన్న అలాంటివాడు. ఆ మాట వినే శక్తి నాకు లేదు.

పిన్ను వేయనిది నేను. ఈరన్న చేతిలో ఏ తప్పూ లేదు, ఎన్నడూ లేదు. అతని తమ్ముడి చేతిలో కూడా లేదు. పొద్దున్నుంచి ఇది రాయడానికి కూర్చుని, పచ్చి నీళ్లు కూడా ముట్టలేదు. రాసేశాను. ఇప్పుడు ఆకలి వేస్తోంది. సిగ్గులేని ఆకలి. లేచి, పోయి అన్నం తింటాను.