పత్తికి తలలు తుంచేటప్పుడు

మాచర్ల బస్సులో నా పక్కనామె గుంటూరు ఆస్పత్రి నుంచి వస్తంది. ఒళ్లో పిల్లాడు, మెడకి రెండు పక్కలా గడ్డలు. నా నోరు ఊరుకోదు గదా, ఏమైందని అడిగేశా.

"నెత్తురు జబ్బంట చెల్లే. ఒంటికి కాపలా కాసే కణాలు ఎదిగేటప్పుడు ఒకటి రెండవుతా పోతయ్యంట. ఎదిగినాక అది ఆపేసి కాపలాకి దిగాలంట. వీడివి ఆపట్లా."

"మేం పత్తికి తలలు తుంచుతాం గదక్కా, పెరగటం ఆపి కాయ పట్టుద్దని. అట్టాంటిదా?"

ఆమె పిల్లాడి నెత్తి మీద, గాలిలోనే, వేళ్లతో తుంచినట్టు చేసింది.

"అట్టాంటిదే. ఆ తుంచే చెయ్యి లోపలే ఉండాలంట. వీడికి లేదంట."

గురజాలలో దిగిపోయింది.

ఇప్పటికీ పత్తికొస పట్టుకుంటే ఆ నెత్తే కనపడుద్ది.

"ఏమే, నిలబడ్డావేంది?" అని మా వదిన అరుస్తది.

"వాడికి ఆగినయ్యో లేదో వదినా."

"ఎవరికే?"

పేరు తెలిస్తే గదా చెప్పటానికి.