పొద్దు వెంట పోయిన విమానం

దుబాయ్‌లో ఉన్న తమ్ముడిని చూడటానికి మేడ్చల్ నుంచి నేను బయలుదేరింది రంజాన్ నెలలో. నాలుగు గంటల ప్రయాణమన్నారు. విమానంలో నా పక్కన షామీర్‌పేటలో కూరగాయలమ్మే ఖైరున్నీసా కూర్చుంది. రోజా ఉపవాసంతో ఆమె పెదవులు ఎండిపోయాయి. కిటికీ నా వైపు ఉంది.

“గడియారం జూడు. మన దిక్కు అందరు ఇఫ్తార్ జేసిన్రు. ఇగ నీళ్లన్న తాగు” అన్నాను.

“ఊరోళ్లది ఊరి పొద్దు అక్కా. నేను గీడున్న. గీడ పొద్దు గూకాలె.”

విమానం పడమటికే పోతోంది, పొద్దూ అటే పోతోంది. ఎంతసేపటికీ దిగదే! ఆమె అవస్థ చూడలేక, గూకిందని చెప్పేద్దామనుకున్నాను.

నా ముఖం చూసి పసిగట్టి, ఆమె నా చెయ్యి పట్టుకుంది. “జూటా చెప్పకక్కా, రోజా ఖరాబైతది. నాకు గీడికెల్లి కనబడ్తలేదు. నీ మాట మీదనే నోరు తెరుస్త.”

ఇక కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నాను. భోజనం తెచ్చిన అమ్మాయిని కూడా తర్వాత రమ్మన్నాను. చివరికి పొద్దు ఎర్రటి అంచు ఆకాశం కిందికి జారిపోయింది. అనుమానంతో ఇంకాసేపు చూశాను.

“గూకింది! తిను!” అని అరిచాను. ముందు వరుస వాళ్లంతా వెనక్కి తిరిగారు.

ఆమె కళ్లు మూసుకుని దువా చదివి, ఖర్జూరం కొరికింది. ఇంకొకటి నా నోట్లో పెట్టింది.

“ఉపాసం నాది, పరేషాన్ నీది. తిను అక్కా” అంది.