పియెత్రో ఓటూ, నా అయోమయమూ

2006వ సంవత్సరం. ఎండలు తగ్గి, చలి ఇంకా మొదలవని రోజులు. ఆక్లాండ్‌కి పడమటి వైపు హెండర్సన్‌లో ఒక రెస్ట్ హోమ్‌లో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేస్తున్నాను. రెస్ట్ హోమ్ అంటే ఒంటరిగా కాలం గడపలేని పెద్దవాళ్ళు ఉండే చోటు. వాళ్ళ గది వాళ్ళది, బయటికి వెళ్ళి రావడం వాళ్ళ ఇష్టం. నా పేరు సువార్త. మాది తెనాలి దగ్గర. ఇక్కడివాళ్ళకి నోరు తిరగక నేను ‘సూ’ అయిపోయాను. పేరు సగం పోయినా ఉద్యోగం నిండుగా దొరికింది కదా అని సరిపెట్టుకున్నాను.

పియెత్రో మా హోమ్‌లో ఉండే ఇటలీ పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు వచ్చి, ఇక్కడి కొండల్లో కరెంటు ప్రాజెక్టు కోసం సొరంగాలు తవ్వాడు. ఇక్కడే పెళ్ళి చేసుకున్నాడు, ఇక్కడే భార్యను మట్టి చేశాడు. పౌరసత్వం మాత్రం ఇటలీదే ఉంచుకున్నాడు. రోజూ పొద్దున్నే వాకర్ తోసుకుంటూ మలుపులో ఉన్న డైరీకి వెళ్ళి పేపరు తెచ్చుకునేవాడు. డైరీ అంటే పాలకేంద్రం కాదు, ఇక్కడ చిల్లర కొట్టుని అలాగే అంటారు.

ఆ ఏడాది ఆయనకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. పెద్ద వయసులో ఇది మెదడు మీద దెబ్బ కొడుతుంది. ఉన్నట్టుండి మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. దాన్ని డెలీరియం అంటాం. మందులతో చాలామందికి తగ్గిపోతుంది, కొందరికి తగ్గదు. తగ్గకపోతే డిమెన్షియా యూనిట్‌కి మార్చాలి. అక్కడ తలుపు కోడ్ నొక్కితే తప్ప తెరుచుకోదు. అంటే పియెత్రోకి ఇక డైరీ లేదు, పేపరు లేదు.

మందుల కోర్సు అయిపోయాక కూడా మా కేర్‌గివర్లు ఆయన నోట్స్‌లో రోజూ ‘కన్ఫ్యూజ్డ్’ అనే రాస్తున్నారు. డాక్టరు వచ్చి తేల్చేలోగా నా అభిప్రాయం నేను రాయాలి. మామూలుగా అడిగే ప్రశ్నలతో మొదలుపెట్టాను. రోజేమిటో చెప్పాడు, ఊరేమిటో చెప్పాడు.

“ప్రధానమంత్రి ఎవరు?” అన్నాను.

“ఏ దేశానికి? నాకు ఇద్దరున్నారు. ఇక్కడ ఆవిడ. అక్కడ ఆయన. ఎన్నికలైపోతే ఆయన ఉండకపోవచ్చు. తొందరపడి రాసుకోకు.”

అప్పుడు తెలిసింది, ఇటలీలో ఎన్నికలు వస్తున్నాయని. విదేశాల్లో ఉన్న ఇటలీవాళ్ళు పార్లమెంటు ఎన్నికల్లో పోస్టులో ఓటేయడం అదే మొదలట. ఆయన ధ్యాసంతా దాని మీదే ఉంది. ఎవరికి వేస్తారని అడిగాను. అడగకపోతే బాగుండేది.

“మా ఎర్రజెండా పార్టీ చచ్చిపోయి చాలా ఏళ్ళయింది,” అన్నాడు. “దాని పిల్లలున్నారు. ఒకరంటే ఒకరికి పడదు. ఇప్పుడు అందరూ ఒకే వైపు నిలబడ్డారు. చర్చివాళ్ళ పార్టీ కూడా చచ్చిపోయింది. దాని పిల్లలు సగం ఇటు మావైపు, సగం అటు. నేను ఇటువాళ్ళకి వేస్తాను. మా ఎంపీ ఆఫ్రికాకీ, ఆసియాకీ, మనకీ, అంటార్కిటికాకీ కలిపి ఒకడే.”

“అంటార్కిటికాకా?”

“అవును.”

“అక్కడ ఓటర్లెవరు? పెంగ్విన్లా?”

“అది నాకెందుకు? నా ఓటు నాకుంది.”

ఇది విన్నవాళ్ళు కన్ఫ్యూజ్డ్ అని రాయక ఇంకేం రాస్తారు? నా తల తిరిగిపోయింది. మా జిల్లాలో ఒక మనిషి పార్టీ తెలియాలంటే ఏ వీధివాడో, ఎవరి తాలూకో అడిగితే చాలు. ఆ దారినే పోయి చూద్దామని, “మీ ఇంట్లోవాళ్ళు ఎవరికి వేసేవాళ్ళు?” అని అడిగాను.

“నాన్న ఎర్రజెండా. అమ్మ చర్చి. అన్నయ్య వారానికొక మాట.”

“ఇంట్లో గొడవలు కాలేదా?”

“భోజనం అయ్యేదాకా ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. కాఫీ దగ్గర మొదలయ్యేది.”

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన కంప్యూటర్ల మనిషి. దేశం వదిలినా అక్కడి రాజకీయం మాత్రం వదల్లేదు. “మనవాళ్ళు మాత్రం? ఢిల్లీలో భుజాల మీద చేతులేసుకుంటారు, ఊళ్ళో కర్రలు తీస్తారు. అదీ అంతేనే,” అన్నాడు.

“మరి అంటార్కిటికా?”

“అదొక్కటీ ముసలాయనకి కాస్త తేడా చేసినట్టే ఉంది.”

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మతి తప్పిన మనిషి పొద్దున ఒక కథ చెప్తే సాయంత్రం ఇంకోటి చెప్తాడు. అందుకని అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతాం. నేనూ అదే చేశాను. మాత్రలిచ్చేటప్పుడు ఒకసారి, టీ ఇచ్చేటప్పుడు ఒకసారి. ఎర్రజెండా పిల్లలు ఎవరు ఎవరితో ఉన్నారో, చర్చివాళ్ళు ఎటు చీలారో అడిగితే, ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. దాన్ని తిరిగి అప్పజెప్పబోయి తప్పు చెప్తున్నది నేనే.

“నిన్ననే కదా చెప్పాను, సూ. వాళ్ళు అటువైపు. నీకు మరుపు ఎక్కువవుతోంది. డాక్టరుకి చూపించుకో,” అన్నాడు జాలిగా.

నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఆయన బాగానే ఉన్నాడని నాకు అనిపిస్తోంది. కానీ ఆయన చెప్పేది నాకే అర్థం కానప్పుడు డాక్టరుకి ఏమని చెప్పను?

డాక్టరు వచ్చిన రోజు పియెత్రో కూతురు రోసా కూడా వచ్చింది. ఆక్లాండ్‌లోనే ఉత్తరాన, ఆల్బనీలో ఉద్యోగం. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నలుగురం కూర్చున్నాం. పియెత్రో ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చాడు. ఆ చొక్కా చూసి నా ప్రాణం ఉసూరుమంది. తన గది తనకు ఉంటుందో ఊడుతుందో ఆ రోజే తేలుతుందని ఆయనకు తెలుసు.

డాక్టరు నోట్స్ తిరగేసి, మెల్లగా అంటార్కిటికా సంగతి ఎత్తింది.

“అది నిజమే,” అంది రోసా. “ఓటర్లని అలాగే కలిపారు. నా బాధ అది కాదు.” ఆమె కళ్ళు నిండాయి. “నాన్న జీవితమంతా చర్చి పార్టీవాళ్ళని తిట్టాడు. నా పెళ్ళిలో కూడా తిట్టాడు. ఇప్పుడు వాళ్ళ పక్కన నిలబడి ఓటేస్తానంటున్నాడు. ఈయన మా నాన్న కాదు, డాక్టర్. మా నాన్న ఎప్పుడో వెళ్ళిపోయాడు.”

పియెత్రో తల దించుకున్నాడు. ఇంతసేపూ అంటార్కిటికా దగ్గర చిక్కుకున్న నాకు అప్పుడు నోరు పెగిలింది.

“రోసా, మా ఊళ్ళో దీన్ని జబ్బు అనరమ్మా. పొత్తు అంటారు,” అన్నాను. “ఒక ఎన్నికలో అమ్మనాబూతులు తిట్టుకున్నవాళ్ళు వచ్చే ఎన్నికలో ఒకే జీపెక్కుతారు. మా నాన్న నలభై ఏళ్ళు ఒక జెండా పట్టుకున్నాడు. చివరికి పొత్తు కుదిరిందని ఎదుటి గుర్తుకి ఓటేసి వచ్చి, ఆ పూట అన్నం తినలేదు. మతి బాగానే ఉంది. మనసే బాగాలేదు.”

రోసా తండ్రి వైపు తిరిగింది. “నాన్నా, నీకూ అలాగే ఉందా?”

“మరి లేదా?” అన్నాడు పియెత్రో. “ముక్కు మూసుకుని వేస్తాను. ఇంకో దారి ఏముంది?”

“అదేంటో మొదట్నించి చెప్పు,” అంది రోసా. ఆయన చెప్పాడు. ఆమె అడుగుతూ పోయింది. తండ్రి రాజకీయం గురించి ఆమె అడగడం అదే మొదటిసారని తర్వాత నాతో అంది. సగంలో డాక్టరుకి దారి తప్పింది. “నాకు అర్థం కావట్లేదు, కానీ ఆయనకి అర్థమవుతోంది,” అని కలం మూసింది. నేను కూడా నోట్స్‌లో అదే రాశాను. గది ఆయనకే ఉండిపోయింది. మర్నాడు వాకర్ తోసుకుంటూ డైరీకి వెళ్ళాడు.

ఆయన వైపువాళ్ళు చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు గెలిచారు. నేను అభినందిస్తే, “ఇక వీళ్ళలో వీళ్ళు కొట్టుకుంటారు,” అన్నాడు దిగులుగా. అన్నట్టే రెండేళ్ళు తిరక్కుండా ఆ ప్రభుత్వం పడిపోయింది, మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఒక పొద్దున మాత్రలిస్తూ, తిట్లు తినడానికి సిద్ధపడి, ఈసారి ఎవరికి వేస్తారని అడిగాను.

పియెత్రో నా వైపు చూసి హాయిగా నవ్వాడు. “మంచివాళ్ళకి,” అన్నాడు.

“ఎవరా మంచివాళ్ళు?”

“అందరూ మంచివాళ్ళే కదా.”

మళ్ళీ సాయంత్రం అడగాల్సిన పద్ధతి ఉంది. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. రోసాకి ఫోన్ చేసి ఆ రెండు మాటలూ చెప్పాను. “ఎవర్నీ తిట్టలేదా?” అంది. లేదన్నాను.

మనకు అర్థం కానంత మాత్రాన ఎదుటి మనిషికి మతి లేదని రాయకూడదని పియెత్రో కేసు నాకు నేర్పింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నో అర్థం కాని మాటలు విన్నాను, ఏదీ నన్ను ఏడిపించలేదు. ఆ రోజు ఆయన చెప్పింది మాత్రం వినగానే అర్థమైంది. అందుకే ఏడుపొచ్చింది.