మందు కాని పొడి

ఎల్లారెడ్డి ఊరికి చెందిన ఆశ్రిత హైదరాబాదులోని ఒక ల్యాబులో పార్కిన్సన్స్ జబ్బు మీద పరిశోధన చేస్తుంది. ఆ జబ్బులో మెదడులోని ఒక ప్రొటీన్ మడత తప్పి, ముద్దలు ముద్దలుగా పేరుకుంటుంది. ఆమె మేనమామ పర్శరాములు బోరు మోటర్లకు వైండింగ్ చేసేవాడు. సన్నటి తీగ చుట్టిన ఆ వేళ్లు వణకడం మొదలయ్యాకే ఆమె ఈ పని ఎంచుకుంది.

మొన్నటి వానాకాలం, ఒక పొడి కలిపిన గాజుగొట్టంలో ఆ ముద్దలు విడిపోయాయి. బతికున్న కణాల మీద ఇంకా చూడనేలేదు. అంతలోనే ‘వణుకుడు రోగానికి మందు కనిపెట్టిన మన బిడ్డ’ అని ఒక పత్రికలో ఫొటోతో సహా వచ్చింది. ఆశ్రిత నవ్వి ఊరుకుంది.

ఆ తర్వాత కొద్దిరోజులకు ఆమె కామారెడ్డిలో స్నేహితురాలి పెళ్లిలో ఉండగా అత్త భూమక్క ఫోన్ చేసింది.

“మీ మామ కట్టె లెక్క బిగుసుకపోయిండు బిడ్డా. ఒళ్లు కాలిపోతున్నది.”

“గోలీలు ఏసుకుంటుండా?”

“బంద్ పెట్టిండు. నా మేనకోడలు మందు కనిపెట్టింది, ఇగ గివెందుకన్నడు.”

ఏళ్లుగా వాడుతున్న ఆ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పు.

“నోట్లె ఏం పొయ్యకు, పొరపోతది. కారు మాట్లాడి కామారెడ్డికి తీస్కరా. నేను దవాఖాన కాడ ఉంట.”

మామ వాళ్ల కారు దారిలోని లింగంపేట దాటేదాకా ఆశ్రిత ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. అత్త ఏడుపు తప్ప మామ గొంతు వినపడలేదు. డాక్టరుకు అంతా ముందే చెప్పి ఉంచడంతో, రాగానే ముక్కులో గొట్టం వేసి పాత మాత్రలే కరిగించి ఎక్కించారు. జ్వరం మాత్రం దిగలేదు.

భూమక్క ఆశ్రిత చెయ్యి పట్టుకుంది. “నీ మందు తెచ్చి ఎయ్యరాదూ? ఎవల కోసం దాస్తున్నవ్?”

“అది మందు కాదత్తా. మనిషికిస్తే ఏమయితదో నాకే ఎరుక లేదు.”

భూమక్క చెయ్యి వదిలేసి మొహం తిప్పుకుంది. మర్నాడంతా జ్వరం అలాగే ఉంది. ఆ మర్నాడు జ్వరం తగ్గి, పర్శరాములు నీళ్లడిగాడు. అప్పుడు ఆశ్రిత వరండాలోకి వెళ్లి ఆ వార్త రాసిన విలేకరికి ఫోన్ చేసి గట్టిగా అరిచింది. సవరణ లోపలి పేజీలో, కంటికి ఆననంత చిన్నగా వచ్చింది.

ల్యాబుకు తిరిగి వెళ్లాక ఆ పొడిని బతికున్న కణాల మీద వేసింది. చాలామటుకు చచ్చిపోయాయి. ఆ మాట ముందుగా మామకే ఫోన్‌లో చెప్పింది.

పర్శరాములు అంతా విన్నాడు.

“అయితే ఇంకోటి చూడు బిడ్డా,” అన్నాడు. “గోలీ ఏసుకునే యాల్లయింది. ఫోన్ పెడుతున్న.”