స్వర్ణ కక్కుకున్న రోజు

స్వర్ణ తాగుతుందని ఊరంతా అనుకున్నారు. నాయుడుపేట దారిలో మిట్టమధ్యాహ్నం చేపల ఆటో ఆపి, రోడ్డు వారగా వంగి భళ్లున కక్కుకుంటుంటే ఐసు అమ్మే మస్తాన్ కళ్లారా చూశాడట. కక్కి, సీటు కింది సీసా తీసి మళ్లీ నోట్లో పోసుకుందట కూడా.

ఆ మాట పట్టుకుని ఊరి పెద్దలు ఆమెను పిలిపించారు. వాళ్లు దురాయి వేసి వెలివేశారంటే ఇక ఆమె ఆటోలో ఎవరూ చేపపిల్లను కూడా ఎక్కించరు. ఆ ఆటో తప్ప స్వర్ణకు వేరే ఆధారం లేదు.

ఆ పెద్దలందరికీ పైవాడు, పెద్దకాపు చిన్నపోలయ్య కిళ్లీ ఉమ్మి, మూతి పంచెకు తుడుచుకుని దగ్గరికొచ్చాడు.

"ఏం మే స్వర్ణా, ఊదు. వాసన చూస్తా."

స్వర్ణ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన పళ్ల సందుల్లో ఎర్రటి వక్క ముక్కలు. ఆ ముక్కు తన నోటి దగ్గరికా! చుట్టూ మగవాళ్లు పళ్లికిలించి చూస్తున్నారు.

"నేనూదను మామా."

"చూసినారా? బండి మొగోళ్ల వస్తువు. ఆడదాని చేతికిస్తే ఇట్నే ఉంటాది."

ఆడపడుచు సుభాషిణి మొన్న ఫోన్లో చదివి వినిపించినది స్వర్ణకు గుర్తొచ్చింది.

"మొట్టమొదట కారును ఊరు దాటించి దూరం తోలింది ఆడదే మామా. బెంజ్ కంపెనీ పెట్టినాయన పెళ్లాం. నూటముప్పై ఏళ్ల పైమాట. మొగుడికి చెప్పకుండా బిడ్డల్నెక్కించుకుని పోయింది. బంకులు లేవు, మందుల షాపులో బండికి పోసే నూనె కొనుక్కున్నది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టే ఆయనతో తోలు కొట్టించింది."

"మందుల షాపులో పెట్రోలా! మనకు తలనొప్పి బిళ్లే దొరకదే" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"పైపు పూడుకుంటే టోపీకి గుచ్చుకునే సూదితో పొడిచిందంట. నా బండికి సూది చాలదు. నోటితో పీల్చాల. ఆ రోజూ అదే చేసినా. ఒక్కసారి మీరు పీల్చి చూడండి మామా."

పక్కనే నిలిపిన ఆటో డీజిల్ పైపు ఊడబీకి కొస ఆయన చేతికిచ్చింది. అంతమందిలో చిన్నపోలయ్య కాదనలేకపోయాడు. పీల్చాడు. మరుక్షణం వక్కా, డీజిలూ, పొద్దున తిన్న చద్దన్నమూ కలిసి పంచె మీదకు వచ్చేశాయి. ఆయన కళ్లనీళ్లు కారుస్తూ చేతులతో తడుముకుంటుంటే సీటు కింది సీసా స్వర్ణే అందించింది. అందులో ఉన్నవి నీళ్లు.

దురాయి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పొరపాటైందని కూడా ఎవరూ అనలేదు. ఆ కక్కును దాటుకుంటూ, ముక్కులు మూసుకుని నవ్వుకుంటూ పోయారు. నిన్నటిదాకా తన గురించీ ఇలాగే నవ్వుకుని ఉంటారు. స్వర్ణకు వాళ్ల ముఖాలు చూడబుద్ధి కాలేదు. పైపు బిగించి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది.

మస్తాన్ చూసిన ఆ రోజు ఆటోలో ఉన్న రొయ్యల పెట్టెలు చిన్నపోలయ్యవే. ఐసు కరగకముందే అవి నాయుడుపేట మార్కెట్లో దిగాయి.