ఆంటీ భోజనం ఎగరగొట్టిన లైబ్రరీ

ఆ రోజుల్లో ఇంకొకరు రాసిన కోడు కనబడితే చాలు, నాకు చీపురు పట్టుకోవాలనిపించేది. దేశం దాటి వచ్చి పాయా లేబర్‌లో ఉద్యోగంలో చేరి ఏడాది నిండలేదు, ఉండేది బెడోక్‌లో ఒక ఫ్లాట్‌లో అద్దె గది, అయినా ప్రపంచంలోని ప్రోగ్రాములన్నీ నాకంటే తెలివితక్కువవాళ్లే రాశారని గట్టి నమ్మకం.

అప్పట్లో ఇంటర్నెట్‌లో ఒక పాత డేటాబేస్ లైబ్రరీ ఉండేది. చిన్న ప్రోగ్రాములు తమ వివరాలను ఫైల్లో దాచుకోవడానికీ, మళ్లీ వెతికి తీసుకోవడానికీ పనికొచ్చేది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. దాన్ని రాసిన పెద్దమనిషి ఏదో దూరదేశంలో ఉండి, "నాకిక ఓపిక లేదు, ఎవరైనా చూసుకుంటే సంతోషం" అని దాని పేజీలో ఒక ముక్క రాసిపెట్టి ఊరుకున్నాడు. ఏళ్ల తరబడి దాన్ని పలకరించిన నాథుడు లేడు. నేను చూసుకుంటానని చేయెత్తాను. ఆయన ఆ రోజే బాధ్యతంతా నాకు అప్పగించేశాడు (ఆ తొందర చూసైనా నాకు అనుమానం రావలసింది). అనకాపల్లిలో ఉన్న అమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, నాకు ఒక లైబ్రరీ అప్పజెప్పారు" అన్నాను గొప్పగా. "పాత పుస్తకాల దుమ్ము పడితే నీకసలే తుమ్ములే, ముక్కుకి గుడ్డ కట్టుకో" అంది అమ్మ.

దుమ్ము నిజంగానే దులిపాను. కొత్త కంప్యూటర్ల మీద కదలనని మొరాయించిన దాన్ని రెండు వారాలు కూర్చుని కదిలించాను. ఆ ఊపులో ఉండగా ఒక మూల నలభై వరుసలు కనిపించాయి. ఏ కాలం నాటివో పాత ఫైళ్లను చదవడానికి రాసినవి. వాటి పైన "తీయకండి, కారణం ఉంది" అని హెచ్చరిక. ఆ కారణమేమిటో మాత్రం రాయలేదు. కారణం చెప్పనివాడి మాట నేనెందుకు వినాలి? తీసేసి, కొత్త వెర్షన్ విడుదల చేశాను.

వారం తిరక్కుండా పేజీలో ఒక ఫిర్యాదు, మారుపేరుతో. "కొత్త వెర్షన్ పెట్టాక మా జాబితాలో ఒక పాత పేరు మాయమైంది. తీసేముందు ఎవరినైనా అడిగారా?" నేను వెంటనే జవాబిచ్చాను: "పాత ఫైళ్ల భారం మేమెంతకాలం మోస్తాం? మీరే కొత్త పద్ధతికి మారండి." ("మేము" అంటే నేనొక్కదాన్నే. కానీ బహువచనంలో ఉన్న హోదా ఏకవచనంలో రాదు కదా.)

మర్నాడు సోమవారం. మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో టిష్యూ పొట్లం పెట్టి, ఈ బల్ల మాదే అన్నట్టు చోప్ చేసి, భాయ్, నేను భోజనానికి కూర్చున్నాం. భాయ్ అంటే ఆఫీసులో నా పక్క సీటాయన, హైదరాబాదీ, నాకు పని నేర్పిన మనిషి. (అక్కడి బిర్యానీ రోజూ తినేవారు గానీ దాన్ని ఒక్కనాడూ బిర్యానీ అనలేదు, "పసుపన్నం" అనేవారు.) ఆ రోజు ఆ పసుపన్నం కూడా ముట్టలేదు.

"ఎవడో కొత్తోడు తగిలిండు బేటా. మంచిగున్న లైబ్రరీని ఖరాబ్ చేసి పెట్టిండు. అడిగితే ఉల్టా నాకే చదువు చెప్తుండు."

"కొంతమంది అంతే భాయ్, నాలుగు ముక్కలు రాగానే కళ్లు నెత్తికెక్కిపోతాయి" అన్నాను సానుభూతిగా, చేపముక్క విరుస్తూ.

"జర చూడు, ఏం రాసిండో" అని ఫోన్ నా ముందు పెట్టారు. చూస్తే నా జవాబే. "మేమంట! ఎంతమంది కూసున్నరో ఏమో, పెద్ద ఆఫీసుల!"

చేపముక్క పళ్లెంలో పెట్టేశాను. నీళ్లు తాగి, "ఏం జాబితా భాయ్ అది?" అని అడిగాను.

టోవా పాయోలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి భాయ్, ఆయన స్నేహితులు శనివారాలు వంతులవారీగా భోజనం తీసుకెళ్లేవారట. ఎవరింటికి ఎవరు వెళ్లాలో చెప్పే ప్రోగ్రాము భాయ్ ఎప్పుడో రాసిందే. "అందర్లకంటె పాత పేరు ఒక ఆంటీది, ఆ పాత ఫైల్లనే ఉండె. మొన్న లిస్టుల ఆమె పేరే లేదు, ఎవ్వరు పోలె. రెండింటి దాంక తలుపు తెరిసి కూసున్నదంట, పాపం."

ఇక దాచలేకపోయాను. "భాయ్, ఆ పెద్ద ఆఫీసులో ఉన్నది నేనొక్కదాన్నే."

"నువ్వా?"

"నేనే."

"మరి కళ్లు నెత్తికెక్కినయన్నది?"

"అదీ నా గురించే భాయ్."

తిట్టిపోస్తారనుకున్నాను. ఆయన పళ్లేలు తీసే అంకుల్ కూడా ఆగి చూసేంత గట్టిగా నవ్వారు. నవ్వు ఆగాక, "నాకు సారీ వద్దు. ఆంటీకి చెప్పు" అన్నారు.

సాయంత్రం లోపల ఆ నలభై వరుసలూ వాటి చోటికి చేరాయి. శనివారం భాయ్ వెనకాల భోజనం డబ్బా పట్టుకుని నేనూ వెళ్లాను. ఆంటీ వాళ్లు తెలుగువాళ్లే గానీ మూడు తరాలుగా ఇక్కడివాళ్లు. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనామ్మా కంప్యూటర్లోంచి నన్ను తీసేసింది? నేనింకా పోలేదే!" అంది. నేను భోజనం డబ్బా ముందుకి చాపాను. "సరి సరి, లోపలికి రా. మకాన్ అయిందా, ఏమైనా తిన్నావా?"

తెచ్చిన భోజనంలో సగం నా పళ్లెంలోనే వడ్డించింది. "పోయిన శనివారం ఏం తిన్నారాంటీ?" అని అడిగాను.

"బ్రెడ్డు, కాయా జాము. ఆకలి ఏముందిలే. మాట్లాడేదానికి ఎవరూ రాలేదే, అదే కొంచెం కష్టమైంది."

ఆ రోజు సాయంత్రం దాకా అక్కడే కబుర్లు చెబుతూ కూర్చున్నాను.

ఆ లైబ్రరీ ఇప్పటికీ నా చేతిలోనే ఉంది. ఇప్పుడు ఒక్క కామా తీయాలన్నా నలుగురిని అడిగి, వారం ఆగి, చివరికి తీయడం మానేస్తుంటాను. ఇక్కడే పుట్టి పెరిగిన మా ఆఫీసు కొత్తమ్మాయి, "ఆంటీ, జస్ట్ డిలీట్ లా!" అని విసుక్కుంటుంది. నవ్వి ఊరుకుంటాను. ముందూవెనకా చూడకుండా చేయెత్తిన అప్పటి నాలోని పొగరుబోతు పిల్లని తలుచుకుంటే సిగ్గుతోపాటు కాస్త అసూయ కూడా కలుగుతుంది. ఇప్పుడున్న జాగ్రత్త నాకు అప్పుడే ఉండి ఉంటే, ఓపిక లేదని ఆ పెద్దమనిషి రాసిన ముక్క చదివి, పాపం అనుకుని, పేజీ మూసేసి ఉండేదాన్ని.